ఫిర్యాదు చేసినవారే ముద్దాయిలా?

అరకు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి విశాఖపట్నం నుంచి సొరంగాల గుండా సాగే కిరండూల్ పాసింజరు, బొర్రా గుహలు, కాఫీ తోటలు, చలికాలంలో పచ్చగా పరుచుకునే వలిసెపూల పొలాలు. సెలవులకో, పండుగ మర్నాడో పిల్లాపాపలతో వెళ్తాం. ధింసా నాట్యం చూస్తాం. బొంగులో చికెన్ హలాల్ అవునో కాదో కనుక్కుని మరీ తింటాం. పొద్దువాలేసరికి తిరుగుముఖం పడతాం. దారిలో ముళ్లకంచె మధ్య పోలీసు ఠాణా కనిపించినా మన కారు ఆగదు. ఆగినా, డ్రైవరుతో రెండు మాటలాడి పంపించేస్తారు.

అదే దారిన నెత్తిన మూటతో సంతకు నడిచి వచ్చే కొండమనిషిని మాత్రం ఆపుతారు. "ఏ ఊరురా? మూటలో ఏముందిరా?" అన్నది మొదటి ప్రశ్న. ఆ మనిషి వయసు యాభై ఉండవచ్చు, అడిగే జవాను వయసు ఇరవై అయిదు ఉండవచ్చు. ఆ 'రా' మాత్రం మారదు. మన పట్టణాల్లో గడ్డం, టోపీ చూసి "ఏం సాయిబూ, ఇటొచ్చావ్?" అని పలకరించే గొంతుకూ దీనికీ చుట్టరికం ఉందని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఖాకీ దుస్తుల్లో ఉన్న మనిషి ఎదుటివాణ్ణి చూసిన మొదటి క్షణంలోనే ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు: వీడు మనం కాపాడవలసినవాడా, కనిపెట్టి ఉండవలసినవాడా? ఆ తర్వాత జరిగే దర్యాప్తు, పంచనామా, కోర్టు, తీర్పు అన్నీ ఆ క్షణం మీదే ఆధారపడతాయంటే అతిశయోక్తి కాదు. అందుకు తూర్పు కనుమల్లోని ఒక చిన్న పల్లెలో జరిగిన సంఘటనే నిదర్శనం.

వాకపల్లి

అప్పటి విశాఖ జిల్లా, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా. జి.మాడుగుల మండలం, నుర్మతి పంచాయతీలోని గూడెం వాకపల్లి. అక్కడ ఉండేది కోందులు. ప్రభుత్వం ఆదిమ తెగగా గుర్తించిన జనం. ఇంట్లో వారు మాట్లాడుకునేది తెలుగు కాదు, కువి. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున గ్రేహౌండ్స్ దళం ఒకటి గాలింపు కోసం ఆ ఊళ్లోకి వచ్చింది. మగవాళ్లు చాలామంది పొలాలకు పోయి ఉన్నారు. పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది స్త్రీలు ఆరోపించారు. వారు పాడేరు వచ్చి అధికారులకు, ప్రజాప్రతినిధులకు మొరపెట్టుకున్నారు. కేసు నమోదయింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టాన్ని కూడా అందులో చేర్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కొండమీది స్త్రీ తనకు జరిగిన అవమానాన్ని పరాయి మనుషుల ముందు, పరాయి భాషలో చెప్పుకోవడం ఎంత కష్టమో మన ఇళ్లలోని ఆడవాళ్లకు తెలుసు. పరువు పోతుందని నోరు మూసుకునేవారే ఎక్కువ. అలాంటిది పదకొండుమంది ఒక్కమాటగా వచ్చి చెప్పారు. దానికి అధికారుల నుంచి వచ్చిన మొట్టమొదటి స్పందన ఏమిటి? ఇది మావోయిస్టులు చెప్పించిన మాట అని! గాలింపు ఆపించడానికి ఆడవాళ్లను ముందుకు తోశారని! వైద్య పరీక్షల్లో ఆధారాలు దొరకలేదని! దర్యాప్తు ఇంకా ముగియలేదు, అప్పుడే ఫిర్యాదీల మీద అనుమానం ముద్ర పడిపోయింది.

ఈ సందర్భంలో ఒక మాట ముచ్చట. మన పోలీసు పరిభాషలో సగం మాటలు ఫారసీ, అరబ్బీల నుంచి వచ్చినవే. 'ఫర్యాద్' అంటే ఆర్తనాదం, ఆదుకొమ్మని పెట్టే మొర. ఠాణాలో అది 'ఫిర్యాదు' అయి ఒక కాగితంగా మిగిలింది. 'దర్యాఫ్త్' అంటే తెలుసుకోవడం. అన్నిటికన్నా విచిత్రమైనది 'ముద్దాయి'. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. తెలుగులో దాని అర్థం పూర్తిగా తిరగబడి నేరం మోపబడినవాడైంది. భాష ఎలా మారిందో పండితులు చెప్పాలి. వాకపల్లి విషయంలో మాత్రం ఆ మార్పు అక్షరాలా జరిగింది. ఫిర్యాదు చేసినవారే బోనులో నిలబడవలసి వచ్చింది.

కేసును రాష్ట్ర పోలీసుల సీఐడీ విభాగం దర్యాప్తు చేసింది. అంటే పోలీసుల మీద వచ్చిన ఆరోపణను పోలీసులే విచారించారు. అత్యాచారం జరగలేదని నివేదిక ఇచ్చి కేసు మూసేయమన్నారు. స్త్రీలు దాన్ని ఒప్పుకోలేదు. పాడేరు కోర్టులో అభ్యంతరం దాఖలు చేశారు. మెజిస్ట్రేటు ఆ నివేదికను పక్కనపెట్టి కేసును విచారణకు స్వీకరించారు. దళంలో ఉన్నవారు 21 మంది. నిందితులు హైకోర్టుకు వెళ్లగా 2012లో పదముగ్గురిపై విచారణ సాగవచ్చని తేలింది. వారు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ మరికొన్నేళ్లు. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వారి వాదనను తోసిపుచ్చి, ఇంత జాప్యమా అని ఆవేదన చెంది, విచారణ త్వరగా ముగించమని ఆదేశించింది. ఈ పొడుగునా ఆ స్త్రీల వెంట నిలిచిన వారిలో మానవ హక్కుల వేదిక ముఖ్యమైనది. ఆ సంస్థకు చెందిన న్యాయవాది కె.బాలగోపాల్ 2009 అక్టోబరులో కన్నుమూశారు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

ఎట్టకేలకు 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం తీర్పు చెప్పింది. పదముగ్గురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. కోర్టు విడుదల చేసినవారిని నేరస్థులని అనే హక్కు మనకు లేదు. అనడం లేదు కూడా. అయితే అదే తీర్పులో ఉన్న మిగతా భాగాన్ని చదవకుండా వదిలేయడం న్యాయం కాదు. దర్యాప్తు సక్రమంగా జరగలేదని కోర్టు తప్పుపట్టింది. దర్యాప్తు అధికారిపై చర్యకు సిఫారసు చేసింది. బాధిత స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా నష్టపరిహారం ఇప్పించమని ఆదేశించింది. ఏమీ జరగలేదని కోర్టు నమ్మి ఉంటే పరిహారం ఎందుకు ఇప్పిస్తుంది? ఏదో జరిగింది, కానీ ఎవరు చేశారో రుజువు కాలేదు. ఎందుకు రుజువు కాలేదు?

సమాధానం కొండంత పెద్దది కాదు. గుర్తింపు పరేడ్ జరపలేదు. నిందితులను మరికొందరితో కలిపి వరుసగా నిలబెట్టి, "వీరిలో ఎవరు?" అని బాధితుల చేత గుర్తింపజేయడాన్నే గుర్తింపు పరేడ్ అంటారు. జేబుదొంగతనం కేసులో కూడా జరిపే పని ఇది. ముఖాలు మనసులో తాజాగా ఉన్న రోజుల్లో, మెజిస్ట్రేటు సమక్షంలో ఒక్క పూటలో అయిపోయేది. అది చేయకుండా వదిలేసి, పదేళ్లు దాటిన తర్వాత కోర్టు హాలులో నిలబెట్టి "ఎవరు?" అని అడిగితే ఏం చెప్పగలరు? ఆ పరేడ్ జరిపి ఉంటే నిందితులు నిజంగా నిర్దోషులైతే ఆ మచ్చ వారికీ మొదటి నెలలోనే తొలగిపోయేది. పదహారేళ్లు ఆ పదముగ్గురి మీదా నింద వేలాడింది. చేయవలసిన పని చేయకపోవడం వల్ల న్యాయం ఇద్దరికీ దూరమైంది.

చేయకపోవడానికి కారణం అలసత్వమా, తోటి ఉద్యోగుల మీద అభిమానమా? రెండూ ఉండవచ్చు. వాటి వెనుక ఇంకొకటి ఉందని మా అభిప్రాయం. 'ఈ ఆడవాళ్ల మాటకు ఇంత కష్టపడాలా' అన్న ఉదాసీనత అది. విశాఖలో ఒక పెద్ద అధికారి కుటుంబ స్త్రీ ఇదే ఫిర్యాదు ఇచ్చి ఉంటే గుర్తింపు పరేడ్ మరిచిపోయేవారా?

ఈ చూపు ఎక్కడిది?

పోలీసును నిందించి ఊరుకోవడం సులువు. ఆ చూపు ఒక మనిషికి పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. ఆ ఉద్యోగం ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే కంపెనీ కాలానికి వెళ్లాలి. మద్రాసు రాష్ట్రంలో శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణలపై వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. చెక్కల మధ్య వేళ్లను నొక్కే కిట్టి మొదలుకొని మెడను కాలివేళ్లకు కట్టి ఎండలో వంచి నిలబెట్టడం దాకా అందులో వివరంగా ఉన్నాయి. అప్పటికి పన్ను వసూలు చేసే బంట్రోతూ, నేరం పట్టే బంట్రోతూ ఒక్కడే. దాంతో రెంటినీ విడదీసి 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం తెచ్చారు. తర్వాత రెండేళ్లకు దేశమంతటికీ 1861 చట్టం వచ్చింది. శిస్తు వసూలు వేరైంది గాని, పోలీసు జవాబు చెప్పవలసింది మాత్రం పైనున్న దొరకే, కిందనున్న రైతుకు కాదు. తిరుగుబాటు అణచడానికి తయారైన సాధనం అది.

మన్యంలో దాని రుచి త్వరలోనే తెలిసింది. 1879లో రంపలో ఫితూరీ రేగింది. (ఇదీ మన మాటే, 'ఫుతూర్' నుంచి వచ్చింది.) కల్లు మీద వేసిన చిగురుపన్ను, మన్సబుదారు వసూళ్లు, వాటికి తోడు కింది పోలీసుల లంచాలు కొండవాళ్లను విసిగించాయి. వాళ్లు మొదట విరుచుకుపడింది ఠాణాల మీదే. నలభై మూడేళ్ల తర్వాత 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరుసగా మూడు రోజులు, 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించాడు. చేజిక్కినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. ఏమేమి తీసుకున్నదీ స్టేషన్ రికార్డులో రాసి సంతకం చేసి వెళ్లాడని ప్రసిద్ధి. నేటి ఠాణాల్లో కొందరు పట్టుకున్న సొత్తుకు రసీదు ఇవ్వడానికే వెనుకాడతారు, అది వేరే విషయం. ఆ సెప్టెంబరులో దామనపల్లి కనుమలో ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులనే కాల్చారు. తన పోరు ఎవరితోనో రాజుకు స్పష్టంగా తెలుసు. ఖాకీ తొడుక్కున్న ప్రతివాడూ శత్రువు కాదన్న వివేకం ఆ తుపాకీలో ఉంది. కొండమీద నడిచే ప్రతివాడూ అనుమానితుడు కాదన్న వివేకం తర్వాతి కాలపు తుపాకుల్లో, ఏ పక్షం తుపాకుల్లోనైనా, అంతగా కనపడదు.

రెండు తుపాకుల నడుమ

గ్రేహౌండ్స్ దళం 1989లో ఏర్పడింది. దాన్ని తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చిచంపారు. వాకపల్లి జరిగి ఏడాది తిరగకముందే, 2008 జూన్ 29న, ఒడిశా వైపున్న బలిమెల జలాశయంలో లాంచీ మీద వెళ్తున్న బలగాలపై మావోయిస్టులు దాడిచేస్తే 38 మంది చనిపోయారు. అందులో అత్యధికులు గ్రేహౌండ్స్ వారే. ఆ ఇళ్లలోనూ తల్లులున్నారు, చిన్నపిల్లలున్నారు. 2016 అక్టోబరులో ఆంధ్రా ఒడిశా సరిహద్దులోని రామ్‌గూడ వద్ద పెద్ద ఎదురుకాల్పులు జరిగి ఇరవై మందికి పైగా మావోయిస్టులు చనిపోయినప్పుడు, పోలీసుల వైపు నేలకొరిగిన ఒకేఒక్క కమాండో విశాఖకు చెందిన ముస్లిం యువకుడు. ఖాకీ అంటే ఎప్పుడూ పరాయివాడే అని అనుకునే మనవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పల్లపు జిల్లాల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రవాడు రాత్రంతా వానలో నడిచి, ఏ చెట్టు చాటున ఏ మందుపాతర ఉందో తెలియక, తెల్లవారేసరికి భాష తెలియని ఊరు చేరతాడు. ఎదురుపడిన ఆడమనిషి భయంతో మాట్లాడదు. ఆ మౌనాన్ని అతను 'దాస్తోంది' అని చదువుకుంటాడు. ఆమె అతని అరుపును 'చంపుతాడు' అని చదువుకుంటుంది. రాత్రి వచ్చిన దళానికి అన్నం పెట్టావని పోలీసులు నిలదీస్తారు. పోలీసులకు దారి చూపావని మావోయిస్టులు ఇన్‌ఫార్మరు ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడి ప్రాణాలు పోగొట్టుకున్న గిరిజనులు ఏజెన్సీలో ఎందరో. అన్నం పెట్టకపోతే తుపాకీ, పెడితే తుపాకీ! ఇంత నలిగిన మనిషి దగ్గర పోలీసు సహకారం ఆశించడం ఎంతవరకు సబబు?

అరకులోనే జరిగిన మరో సంఘటన ఈ సంబంధంలోని ఇంకో ముఖాన్ని చూపుతుంది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద మావోయిస్టులు అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను పట్టపగలే కాల్చిచంపారు. ఆగ్రహించిన జనం మావోయిస్టుల కోసం అడవికి పోలేదు. డుంబ్రిగుడ, అరకు పోలీసు ఠాణాలకు పోయి నిప్పు పెట్టారు. ఫర్నిచరు, రికార్డులు, వాహనాలు తగలబడ్డాయి. ఠాణాను కాల్చడం నేరమే, దాన్ని సమర్థించేది లేదు. ఆ కోపం ఎందుకన్నది మాత్రం గమనార్హం. పోలీసులు కొట్టినందుకు కాదు, కాపాడనందుకు. అక్కరలేనప్పుడు అర్ధరాత్రి వచ్చి తలుపు తడతారు, అవసరమైనప్పుడు కానరారు అన్నది ఆ మంటల్లో కనిపించిన ఫిర్యాదు.

మనకు తెలియని కథ కాదు

కొండల కథ మనకెందుకు అనుకునే పాఠకులు హైదరాబాదును ఒకసారి తలచుకోవాలి. 1978 మార్చిలో కర్నూలు జిల్లా నుంచి వచ్చిన ఒక పేద ముస్లిం యువతిని, రాత్రి సినిమా చూసి వస్తుండగా నల్లకుంట పోలీసులు పట్టుకుపోయారు. ఆమెపై అత్యాచారం జరిగింది. రిక్షా కార్మికుడైన ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులదే తప్పని తేల్చింది. ఆ కమిషన్ ముందు పోలీసుల పక్షాన చేసిన ప్రధాన వాదన ఏమిటో తెలుసా? ఆమె నడత మంచిది కాదని! తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, 1981లో నిందితులు విడుదలయ్యారు. నల్లకుంటలో 'నడత లేనిది', వాకపల్లిలో 'మావోయిస్టు మాట వినేది'. పేరు మారింది, పద్ధతి మారలేదు. ఈ కేసూ, మహారాష్ట్రలో ఠాణాలోనే ఒక ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసూ దేశంలో అలజడి రేపడం వల్లనే 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో జరిగిన అత్యాచారంలో తన సమ్మతి లేదని స్త్రీ చెబితే కోర్టు దాన్ని నమ్మి మొదలుపెట్టాలన్న నియమం అప్పుడు వచ్చింది. ఒక ముస్లిం స్త్రీ, ఒక ఆదివాసీ బాలిక పడ్డ బాధ దేశంలోని ఆడవాళ్లందరికీ రక్షణ అయింది.

వాకపల్లి జరిగిన 2007లోనే, మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. దరిమిలా ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయి హింసించారు. కోర్టుల్లో వారి మీద ఏమీ రుజువు కాలేదు. 2012 జనవరిలో ప్రభుత్వం జైలుకెళ్లి విడుదలైన వారికి మూడేసి లక్షలు, పట్టుకుని వదిలేసిన వారికి ఇరవయ్యేసి వేల రూపాయలు పరిహారంగా ఇచ్చింది. మర్నాటి ఏడు హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. పోయిన ఉద్యోగాలు, చెడిన పెళ్లి సంబంధాలు ఏ లెక్కలోకీ రాలేదు.

2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 21 రాష్ట్రాల్లో సుమారు 12 వేల మంది పోలీసులను ప్రశ్నించి ఒక నివేదిక తెచ్చాయి. ముస్లిములు సహజంగానే నేరాలవైపు మొగ్గుతారని ఎంతో కొంత నమ్మేవారు అందులో సగం మంది! ఆ నివేదికలోనే మరో సంగతి ఉంది. పోలీసు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నాడు, సగం మందికి వారానికొక సెలవు కూడా లేదు. నిద్రలేని మనిషి చేతికి లాఠీ, మనసుకు దురభిప్రాయం ఇచ్చి రోడ్డు మీద నిలబెట్టాం. అతని ఇంటి మనుషులు కూడా ఆ కోపం భరిస్తూనే ఉంటారు.

గంజాయి మూట

ఇప్పుడు కొండల్లో కాలం మారుతోంది. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు మడావి హిడ్మా ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. అడవిలో తుపాకీ చప్పుడు తగ్గితే ఠాణా మామూలు ఠాణా అవుతుందా? అనుమానం పోదు, రూపం మార్చుకుంటుందనే మా భయం. ఆ కొత్త రూపం గంజాయి.

విశాఖ ఏజెన్సీలో గంజాయి సాగు ఎంతగా విస్తరించిందో 2021 అక్టోబరు ఆఖరున మొదలైన 'ఆపరేషన్ పరివర్తన'లో తేటతెల్లమైంది. కొద్దినెలల్లో 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికేశారు. కొన్నిచోట్ల గిరిజనులే ముందుకు వచ్చి నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. మంచి పనే. మన పట్టణాల పిల్లలను పాడుచేస్తున్న విషం అది, దానిపై జాలి అవసరం లేదు. అయితే పెట్టుబడి పెట్టేది ఎవరు, కొనేది ఎవరు, మూట మోసేది ఎవరు? కొండ దింపి రోడ్డెక్కించినందుకు కొన్ని వందలో వేలో కూలి ముట్టే గిరిజన కుర్రవాడు దొరుకుతాడు. ఫోనులో మాట్లాడి బేరం కుదిర్చినవాడు వేరే రాష్ట్రంలో హాయిగా ఉంటాడు. 1985 మాదకద్రవ్యాల చట్టం కింద 20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా శిక్ష. జామీను దొరకడం మహా కష్టం. మూట ఎవరిదో కాగితాలు చెప్పవు, ఎవరి నెత్తిన ఉందో మాత్రమే చెబుతాయి. సంతకు పసుపు, చింతపండు మోసే మనిషినీ అదే చూపుతో ఆపుతున్నారు.

కాగితం మీది హక్కు

చట్టాలు లేవా అంటే బోలెడన్ని ఉన్నాయి. ఒకరిని పట్టుకుంటే బంధువుకు కబురు చేయాలని, అరెస్టు కాగితం మీద సాక్షి సంతకం ఉండాలని డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. 2006లో ప్రకాశ్‌సింగ్ కేసులో పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో విడిగా ఒక సంస్థ ఉండాలంది. పోలీసుల తప్పును పోలీసులే విచారించే పద్ధతికి అది విరుగుడు. మరుసటేడు వాకపల్లిలో ఆ ఆదేశం అవసరం పడింది, కానీ అది కాగితం దాటి కొండెక్కలేదు. 2020 డిసెంబరులో ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు పెట్టి రికార్డింగులు భద్రపరచాలని అదే కోర్టు ఆదేశించింది. అత్యాచారం ఫిర్యాదును నమోదు చేయని పోలీసు అధికారికి జైలుశిక్ష అన్న నియమం 2013లో వచ్చింది.

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా దగ్గరలో ఉన్న ఠాణాలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. "మా లిమిట్సు కాదు, అక్కడికి పో" అనడానికి వీల్లేదు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో తీసుకోకపోతే ఎస్పీకి రాసి పంపవచ్చు. ఆయనా పట్టించుకోకపోతే మెజిస్ట్రేటు ఉన్నారు. అరెస్టు చేస్తే 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అసాధారణ పరిస్థితి ఉండి, మెజిస్ట్రేటు అనుమతితో మహిళా అధికారి వస్తే తప్ప పొద్దుగూకాక స్త్రీని అరెస్టు చేయరాదు. ఈ నాలుగు ముక్కలు మన పిల్లలకు పదో తరగతి లోపే తెలిసి ఉండాలి. కొండల్లో చదువుకున్న యువతీయువకులు తమ ఊళ్లలో ఈ సంగతులు తమ భాషలో చెప్పగలిగితే ఇంకా మేలు.

ఒక మార్పు మాత్రం నిజంగా జరిగింది. 2007లో వాకపల్లి స్త్రీలకు జిల్లా ఎస్పీ అంటే కొండలు దిగి, బస్సులు మారి చేరవలసిన విశాఖపట్నంలో ఉండే దొర. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు, ఎస్పీ పాడేరులోనే కూర్చుంటున్నారు. దూరం తగ్గింది. మిగిలింది భాష. కువి మాత్రమే వచ్చిన స్త్రీ రేపు ఆ ఆఫీసు గడప ఎక్కితే, ఎదురుగా కూర్చున్న రైటరు ఆమె చెప్పింది ఏ దుబాసీ చేత అనువాదం చేయించి రాస్తాడు, రాసింది ఆమెకు కువిలో చదివి వినిపించేదెవరు? ఏజెన్సీ ఠాణాల్లో కువి, ఒరియా, తెలుగు మూడూ వచ్చిన స్థానిక గిరిజన స్త్రీలను కానిస్టేబుళ్లుగా కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు, భర్తీ ఉత్తర్వులో ఒక్క వాక్యం చాలు.